కలపాలా, తీసెయ్యాలా?

పొద్దున్నే మొదటి సంవత్సరం అమ్మాయి చెప్పిన మాటకి సోషియాలజీ మాస్టారి గుండెల్లో రాయి పడింది. "చదువు మానేస్తాను సార్. హాస్టల్లో నాతో ఎవరూ కలవరు. ఒక్కదాన్నే తింటాను. నాలోనే ఏదో లోపముంది."

లోపమట! మాస్టారికి ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఎవరి కష్టాన్ని వాళ్ల నెత్తినే రుద్దకూడదనే కదా, ఇన్నేళ్లుగా ఆయన గొంతు చించుకుంటున్నది! "ఈ పూటకి క్లాసుకి రామ్మా. తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

క్లాసులోకి రాగానే అడిగాడు. "రాత్రి ఒక్కరే కూర్చుని తిన్నవాళ్లు లేచి నిలబడండి."

ముందు నవ్వులు. తర్వాత ఒకడు లేచాడు, వాళ్లమ్మది రాత్రి షిఫ్టు. ఇంకొకతె లేచింది, ఆమెది అద్దె గది, పక్క గదిలో ఎవరుంటారో కూడా తెలీదు. ఒకరిని చూసి ఒకరు, సగం క్లాసు లేచింది.

"చూశారా? ఇంతమందికీ ఒక్కసారే లోపం పుట్టుకొచ్చిందా? షిఫ్టులు, అద్దెలు, దూరాభారపు ఉద్యోగాలు. అవన్నీ కలిసి మనల్నిలా విడగొట్టాయి" అన్నాడు మాస్టారు. ఆ అమ్మాయి మాత్రం తలొంచుకుని కూర్చునే ఉంది.

వెనక బెంచీ వాగుడుకాయ ఊరుకుంటాడా? "సార్, మీరెలాగూ నిలబడే ఉన్నారు. మిమ్మల్ని లెక్కలో కలపాలా, తీసెయ్యాలా?"

క్లాసంతా గొల్లుమంది. మాస్టారి భార్య వేరే ఊరికి బదిలీ అయి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. ఆయనేమో రోజూ సాయంత్రం "ఇంట్లో ఎదురుచూస్తుంటుంది" అని తోటి మాస్టార్లతో అబద్ధమాడి బయల్దేరతాడు. కుర్చీ పక్కనే ఉంది. కూర్చుంటే పరువు దక్కుతుంది.

"కలుపు" అన్నాడు. "మా ఇంట్లో నాకోసం చూసేవాళ్లెవరూ లేరురా. మూడేళ్లయింది."

నవ్వులు ఠక్కున ఆగాయి. ఆ అమ్మాయి నెమ్మదిగా లేచి నిలబడింది.

భోజనాల గంట కొట్టారు. "పదవే, మాతో తిందువుగాని" అంటూ ముగ్గురు ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. వాగుడుకాయ కూడా తోకలా వెంటపడ్డాడు. ఇక ఆ పిల్ల చదువు మానదు. మాస్టారు మురిసిపోయాడు.

"మీరూ రండి సార్" అని ఎవరైనా అంటారేమోనని, బోర్డు తుడిచే నెపంతో కాసేపు అక్కడే తచ్చాడాడు. పాపం, మాస్టారిని పిలవాలని పిల్లలకెలా తోస్తుంది? బోర్డు మీద తుడవడానికింకేమీ మిగల్లేదు. డబ్బా విప్పుకుని ఖాళీ బెంచీ మీద కూర్చున్నాడు. కారణాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. అయినా ముద్ద దిగలేదు.