మధ్యలో ఆగిన డైలాగు

బీన్స్ ఈనెలు తీస్తూ మా కథానాయికను ఏడిపిస్తున్నాను. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోన్లో రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోంది. "ఈ ఇంట్లో నేనూ ఒక మనిషినే. నాకూ ఒక మనసుంది" అని గొంతు కాస్త వణికించి చెప్పాను. ఆ మనసులో ఏముందో ఆలోచించుకునేలోగా, సాక్సు రెండోది ఏదని గదిలోంచి మావారు కేకేశారు. మంచం కింద చూడమన్నాను. మళ్ళీ మనసు దగ్గరికొచ్చాను. ఈలోగా అత్తయ్య టీ అడిగారు.

ఒక టీవీ సంస్థ కొత్తగా రాసేవాళ్ళకి మెంటర్‌షిప్ ఒకటి పెట్టింది. నలుగురిని ఎంచుకుని, పేరున్న సీరియల్ రచయిత్రి దగ్గర కొన్నాళ్ళు నేర్పించి, చివరికి ఒక్కరిని ఆవిడ సీరియల్‌కే డైలాగులు రాయడానికి ఉంచుకుంటారు. రోజూ తెరమీద పేరు పడుతుంది. నాకు కావలసింది ఆ పేరే. మా ఇంట్లో నా పేరు గ్యాస్ బుకింగ్‌కి తప్ప దేనికీ వాడరు.

ఎంపికయ్యానని చెప్పినప్పుడు మావారు, "కొత్తవాళ్ళంటే ఇరవై ఏళ్ళ పిల్లలు కదా, నీకెలా ఇచ్చారు?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా రాయలేదు కాబట్టి నేనూ కొత్తదాన్నేనన్నాను. అత్తయ్య మాత్రం అడ్డు చెప్పలేదు. "రాసుకోమ్మా, ఎవరొద్దన్నారు? పనయ్యాక రాసుకో" అన్నారు. మా ఇంట్లో పనవడమనేది నేనింతవరకూ చూడలేదు. చూసినవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి పలకరించాలనుంది.

అందుకే చేతులు పనిలో ఉండగా నోటితో రాయడం మొదలుపెట్టాను. ఆ రికార్డింగులు ఆఫీసుకి పంపితే అక్కడ టైపిస్టుగారు కాగితం మీద పెడతారు. ఆయన కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. చెవిన పడిన ప్రతి మాటా పొల్లు పోకుండా టైపు చేయడం తప్ప, ఇది ఉంచాలి ఇది తీసేయాలి అనే అలవాటు ఆయనకి లేదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు ఆఫీసులో పొడుగు బల్ల చుట్టూ మేం నలుగురం కూర్చున్నాం. మిగతా ముగ్గురూ హాస్టల్లో చదువుకుంటున్న మా అమ్మాయి వయసువాళ్ళే. మాకు నేర్పే రచయిత్రి మేడమ్ నా సీను తీసి పైకి చదివారు. "నాకూ ఒక మనసుంది. మంచం కింద చూడండి." పక్కన కూర్చున్నమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడమ్ చదువుతూనే ఉన్నారు. టైపిస్టుగారు మావారిని హీరో చేశారు. అత్తయ్యకి అత్త పాత్రే ఇచ్చారు. "ఈ గోడల మధ్య నా కలలన్నీ..." అని కథానాయిక మొదలుపెడితే, "అందులో చక్కెర వెయ్యకమ్మా, నిన్న కూడా వేసేశావు" అంటోంది అత్త. సీను అయిపోయింది గానీ ఆ పిల్ల ఒక్క మాటా పూర్తి చేయలేకపోయింది. అందరూ నవ్వుతుంటే నేల చీలితే బావుండుననుకున్నాను.

మేడమ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి నా వంక చూశారు.

"ఇది కావాలనే ఇలా రాశారా?"

"అవునండి" అన్నాను. అబద్ధమాడడానికి ఎక్కువ ఆలోచిస్తే పని చెడుతుంది.

మేడమ్ సీరియల్లో ఆ సీను అలాగే తీశారు, అలాగే ప్రసారమైంది. భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుని చూశాం. హీరో సాక్సు కోసం ఇల్లు పీకి పందిరి వేస్తుంటే మావారు పడీపడీ నవ్వారు. "వీడెవడే, ఇంత దద్దమ్మ! సాక్సు కూడా వెతుక్కోలేడా?" అన్నారు. అత్తయ్య టీవీ వంక చూడడం మానేసి నా వంక చూస్తున్నారు. కాసేపయ్యాక, "ఆ ఫోను ఎప్పుడెప్పుడు వింటుందమ్మా?" అని మెల్లిగా అడిగారు.

మర్నాటి నుంచి మా ఇల్లు మర్యాదస్తుల ఇల్లైపోయింది. ఏమన్నా కావాలంటే మావారు ముందు వంటింటి గుమ్మంలోంచి ఉప్పు డబ్బా వైపు తొంగి చూస్తారు. ఎర్రచుక్క కనిపిస్తే తన మంచినీళ్ళు తనే ముంచుకుంటారు, అదీ చప్పుడు కాకుండా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాటకి దొరకని మర్యాద ఒక ఎర్రచుక్కకి దొరికింది. నేను మరీ మంచిదాన్నేం కాదు, డైలాగులేవీ లేకపోయినా ఒక్కోసారి రికార్డింగ్ నొక్కి ఉంచేదాన్ని.

చివరి పరీక్షగా మేడమ్ నలుగురికీ ఒకే సీను ఇచ్చారు. కథానాయిక తను చెప్పాలనుకున్నది మొదటినుంచి చివరిదాకా చెప్పాలి, ఎవరూ అడ్డు రారు. ఎవరి సీను నిలబడితే వాళ్ళనే ఉంచుకుంటారు. నాకు తేలికే అనిపించింది. అడ్డం రాని ఇల్లు నాకిప్పుడు సిద్ధంగా ఉంది కదా. అత్తయ్య గదిలో, మావారు వరండాలో, ఫోను నా ఎదురుగా. సీను చెప్పి, రికార్డింగ్ పంపించాను.

మర్నాడు మేడమ్ నన్నొక్కదాన్నే పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టారు.

"నేను చెప్పాలనుకుంటున్నది ఏమిటంటే, ఇన్నాళ్ళూ... అన్నం వండేశాను, తినేయండి. అదేమిటంటే... పోనీలెండి, తర్వాత చెప్తాను."

రెండుసార్లు చదివాను. ఈ మాటలు అన్నట్టు నాకే గుర్తులేదు. టైపిస్టుగారి మీద అనుమానపడే వీలూ లేదు.

"ఈసారి ఎవరూ పిలవలేదు కదా, మరెందుకు ఆగింది?" అన్నారు మేడమ్.

ఇన్నాళ్ళూ నా మాటకి అడ్డం పడేది మావారూ అత్తయ్యే అనుకుంటూ వచ్చాను. వాళ్ళు నోరు మూసుకున్నాక కూడా ఆ ఉద్యోగం ఖాళీగా లేదు, నేనే చేస్తున్నాను. వాళ్ళకంటే శ్రద్ధగా.

"ఇలాగే తీసుకుంటారా?" అనడిగాను.

"ఇలాంటిది ఒకసారి బావుంటుంది. రేపటిదాకా టైముంది, మీ కథానాయిక మాట్లాడితే తీసుకురండి" అన్నారు.

ఇంటికొచ్చి హాల్లో భోజనాల బల్ల దగ్గర, వంటింటికి వీపు పెట్టి కూర్చున్నాను. పొయ్యి మీద పాలున్నాయి. పెట్టింది నేనే. ఫోను బల్ల మీద పడేసి, ఆవిడ మొదటి మాట ఏమిటా అని ఆలోచిస్తున్నాను. మనసూ కలలూ వద్దనిపించింది. ఆవిడ గొంతు వణకక్కర్లేదనీ అనిపించింది. అంతలో పాలు అంచుదాకా వచ్చిన వాసన తగిలింది. కాళ్ళు నన్నడక్కుండానే లేవబోయాయి. కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"అమ్మాయ్, పాలు!" అన్నారు సోఫాలోంచి అత్తయ్య.

"మీరు కట్టేయండి అత్తయ్యా. నేను ఆలోచించుకుంటున్నాను."

నా గొంతే అది, ఎవరికీ అరువిచ్చింది కాదు. పేపరు వెనకనుంచి మావారి తల బయటికొచ్చింది. నా వంకా ఫోను వంకా చూసి గొంతు తగ్గించి, "సీరియల్ డైలాగా?" అన్నారు.

"కాదండీ. ఇంకా రికార్డింగ్ నొక్కలేదు" అన్నాను.