ముక్కు కొన లావే

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ముక్కుపుడకలకు సుధీర్ అంగడి పెట్టింది పేరు. ఆ పేరును ఊరూరి ఫోన్లలోకి చేర్చింది మాత్రం నందిని. కౌంటర్లో నగలు చూపించే పిల్లగా చేరి, ఒకనాడు సరదాకి పుడక పెట్టుకుని సుధీర్ ఫోన్ ముందు నాలుగు మాటలు మాట్లాడింది. ఆ వీడియోను సుధీర్ నెట్‌లో పెట్టాడు. అప్పట్నుంచి జమ్మలమడుగు బస్సులో ఆడవాళ్లు ఆమెను గుర్తుపట్టి పలకరిస్తున్నారు. బుద్ధెరిగాక తనకంటూ దక్కిన గుర్తింపు అదొక్కటే. అలాంటి వీడియో కింద ఎవడో పనిలేనివాడు ‘పుడక బాగుంది, ముక్కే బోండాలా ఉంది’ అని రాస్తే సుధీర్ గుండె జారిపోయింది.

“కొన సన్నం చేపిచ్చుకో నందినీ, ఖర్చు అంగడిదే. లేకుంటే హైదరాబాదు నుంచి ఇంకొక పాపను పిలిపిస్తా. నువ్వు మళ్లీ కౌంటర్లో కూచుందువు” అన్నాడు.

నందినికి ఒళ్లు మండింది, భయమూ వేసింది. అద్దం ముందు నిలబడి కొనను వేళ్లతో నొక్కి చూసుకుంది కూడా. ఇంకాస్త సన్నగా ఉంటే బాగుండునేమో అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పులివెందులకు అప్పుడప్పుడు వచ్చే ముక్కు డాక్టరమ్మ దగ్గరికి సుధీరే కారులో తీసుకెళ్లాడు. కూర్చోకముందే, “కోయకుండా ఇంజెక్షన్‌తో అయిపోతాదంట గదా మేడమ్?” అన్నాడు.

“ఫిల్లర్ సంగతా? చర్మం కింద జెల్లు నింపడమే అది, ఉన్నదానికి కలుపుతుంది గానీ ఉన్నదాన్ని తగ్గించదు. లావు కొనకు వేస్తే ఇంకా లావవుతుంది. పైగా కొన దగ్గర రక్తనాళం మూసుకుపోతే చర్మమే పాడైపోవచ్చు. నేనైతే వెయ్యను” అంది డాక్టరమ్మ. “సన్నం కావాలంటే ఆపరేషనే. లోపలి మెత్తటి ఎముకను కొంత తీసి, మిగిలింది దగ్గరికి లాగి కుట్టాలి. వాపు పూర్తిగా పోవడానికి ఏడాది పట్టొచ్చు.”

“పట్టనీలే మేడమ్. దసరాకు పుడక పెట్టుకుంటే చాలు.”

“పుడకా? కొన్ని నెలలు ఆ ముక్కుకు ఏదీ పెట్టకూడదు.”

పుడకలు అమ్ముకోవడానికని పుడకే పెట్టుకోలేని ముక్కును చేయించబోయాడు మహానుభావుడు. నందిని నవ్వాపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “నీకు కావాలా అమ్మా? ఇంతసేపూ ఆయనే మాట్లాడుతున్నాడు.”

“ఊపిరి బాగా ఆడుతాండాది మేడమ్, వాసనా తెలుస్తాండాది. నాకేం వద్దు.”

ఆ మాట అనేశాక ఆమె మనసు తేలికపడింది.

తిరుగుదారిలో సుధీర్ ముఖం మాడ్చుకున్నాడు. “అయితే ఆ హైదరాబాదు పాపే. రేపు లైవు ఉండాదని అందరికీ చెప్పినాం, అదొక్కటీ చేసిపో” అన్నాడు.

మర్నాడు ఫోన్ తనే పట్టుకుని, కొన కనపడకుండా పక్కనుంచి తీయబోయాడు. ఎర్రరాళ్ల పుడక పెట్టుకున్న నందిని నేరుగా అతని వైపు తిరిగింది.

“అమ్మలారా, అక్కలారా, నా ముక్కు కొన లావు. బాగా చూడండి. ఇంత పెద్ద పుడకకు ఇట్లాంటి ముక్కే ఉండల్ల. మీదీ ఇట్లే ఉంటే తలెత్తుకోని రాండి. సన్నం చేపిచ్చుకోమని ఎవరన్నా చెప్తే, ముందు వాళ్ల ముక్కు కోపిచ్చుకోమనండి.”

లైవు మధ్యలో కట్ చేస్తే జనం నవ్వుతారని, సుధీర్ ఆపమని సైగ మాత్రం చేశాడు. ఆమె ఆపకపోగా ఇంకా దగ్గరికి జరిగింది. ఫోన్ తెరంతా ముక్కే కనపడుతోంది.

“ఈ ముక్కు పనికిరాదని అంగడాయన రేపట్నుంచి నన్ను వీడియోల్లోంచి తీసేస్తాండాడు. ఇప్పుడు ఫోను పట్టుకోనుండేదీ ఆయనే.” నందిని ఫోన్ మీదుగా అతని కళ్లలోకి చూసింది. “ఫోను పక్కకు తిప్పొద్దు సుధీరన్నా. సరిగ్గా పట్టుకో, నా ముక్కు కనపడల్ల.”