పద్దెనిమిదో గ్రీన్ మీద అతుకు

మా పని బాగుంటే ఎవరికీ కనబడదు. కనబడిందంటే తిట్లు పడ్డట్టే. ముప్ఫై ఏళ్లుగా గోల్ఫ్ మైదానంలో గడ్డి పని చేస్తున్నాను కాబట్టి ఈ మాట ఒట్టేసి చెప్పగలను. తెల్లవారకముందే పద్దెనిమిది గ్రీన్ల మీదా పాత గుంతలు పూడ్చి, గుర్తు పెట్టిన కొత్త చోట గుంత తవ్వి, అతుకు తెలియకుండా సర్దాలి. గ్రీన్ అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక. దాని ఎత్తు మూడు మిల్లీమీటర్లు. నాలుగైతే ఆటగాళ్లు మూతి ముడుస్తారు, రెండైతే గడ్డి చస్తుంది. నా నోరు మంచిది కాదని ఇక్కడ అందరూ అంటారు. సగం రోజు మోకాళ్ల మీద పాకే మనిషి నోట్లోంచి తేనె కారాలంటే ఎక్కణ్నుంచి తేను?

నా తమ్ముడు ఇక్కడే కోత బండి నడుపుతాడు. వాడి కూతురు పిచ్చుక. అసలు పేరు స్కోరుబోర్డు మీద రాస్తారు, మాకు మాత్రం పిచ్చుకే. చిన్నప్పుడు బడి వదిలాక ఇంట్లో చూసేవాళ్లు లేక నాన్న వెంట షెడ్డుకు వచ్చేది. షెడ్డు వెనక మా నారుమడి ఉంది. గ్రీన్ మీద ఎక్కడైనా పచ్చిక చెడితే అతికించడానికి అదే రకం గడ్డి అక్కడ పెంచుతాం. ఎవరో విసుగొచ్చి విరగ్గొట్టిన గోల్ఫ్ కర్రకు పట్టీ చుట్టి పిల్ల చేతికిచ్చింది నేనే. నారుమడి కుడిమూలన గుంతకు బదులు పాలడబ్బా పాతిపెట్టిందీ నేనే. ఇక చూసుకోండి, చీకటి పడేదాకా డబ్బాలో బంతి టంగుమంటూనే ఉండేది. నా నారుమడి తొక్కి పాడుచేస్తున్నావే అని రోజూ అరిచేదాన్ని. అరిచి, ఆ మూలకే నాలుగు చెంబుల నీళ్లు ఎక్కువ పోసేదాన్ని.

ఆ పిల్లకిప్పుడు ఇరవై నాలుగు. ఆటనే బతుకుతెరువు చేసుకుని మూడేళ్లయింది. ఎక్కడెక్కడో ఆడింది, ఒక్కచోటా గెలవలేదు. ఈ ఏడు మొదటిసారి మా మైదానంలోనే పెద్ద టోర్నమెంటు పెట్టారు. నాలుగు రోజుల ఆట, తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లదే గెలుపు. మూడో రోజు ముగిసేసరికి మా పిచ్చుక అందరికంటే ఒక్క దెబ్బ ముందుంది.

నాలుగో రోజు పొద్దున అయిదున్నరకి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పద్దెనిమిదో దానికి రా. తొందరగా రా."

వెళ్లి చూస్తే బండి ఆపి, పక్కన నిలబడి ఉన్నాడు. బండి వెనక గ్రీన్ మీద నాలుగు మీటర్ల పొడవున, జానెడు వెడల్పున నల్లటి చార. బండి గొట్టం పగిలి వేడి నూనె కారింది. నూనె పడ్డ గడ్డి ముందు తళతళా మెరుస్తుంది, మధ్యాహ్నానికి మాడి చస్తుంది.

"పొద్దున గుడ్డ పెట్టి తుడవలేదా?" అన్నాను. రోజూ బండి తీసేముందు గొట్టాల కీళ్లన్నీ తెల్లగుడ్డతో తుడుస్తాడు వాడు. నూనె చెమ్మ ఉంటే గుడ్డ పట్టేస్తుంది. పాతికేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

"మర్చిపోయానక్కా. వచ్చే దారిలో స్కోరుబోర్డు ముందు ఆగాను. అన్నిటికంటే పైన దాని పేరు. చూస్తూ నిలబడిపోయాను. టైమైపోయిందని పరుగెత్తుకొచ్చి బండెక్కేశాను." అంతవరకూ చెప్పి పచ్చికలో కూలబడ్డాడు. "నా చేత్తోనే నా కూతురి దారికి అడ్డం పడ్డాను."

తిట్టడానికి నోరు తెరిచాను. యాభై ఏళ్ల మనిషి ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. బకెట్‌తో సబ్బునీళ్లు తెమ్మని మాత్రం కసిరాను.

ఎంత కడిగినా లాభం లేకపోయింది. ఆ రోజు గుంత సరిగ్గా చారకు మూడడుగుల దూరంలో ఉంది. మా పెద్దసారు, టోర్నమెంటు నిబంధనలు చూసే మేడమ్ ఇద్దరూ వచ్చారు. గుంతను పక్కకి జరపమని అడిగాను. మిగతా వైపులన్నీ మూడు రోజుల గుంతలతో తొక్కుడైపోయాయి, కుదరదందావిడ.

"మాడినంత మేరా కోసి వేరే పచ్చిక అతికించగలరా?" అని అడిగింది.

పెద్దసారు నా వైపు చూశాడు. పనివాళ్లంతా నా వైపే చూశారు. అందరికీ నేను అప్పుడే గుర్తొస్తాను.

"అతికిస్తాను," అన్నాను.

"సరే. అతుకు ఎక్కడైనా లేచినట్టుంటే ఆటగాళ్లు నొక్కి చదును చేసుకోవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. కానీ ఈ సంగతి మీరెవరూ ఏ ఆటగత్తెకీ చెప్పకూడదు." చివరి మాట నన్నూ తమ్ముణ్నీ చూస్తూ అంది. ఆవిడ అనకపోయినా చెప్పేవాళ్లం కాదు. అనేసరికి నాకు ఒళ్లు మండింది.

నారుమడంతా వెతికితే కుడిమూల గడ్డే దిట్టంగా ఉంది. ఎక్కువ నీళ్లు తాగిన మూల మరి. పాలడబ్బా ఇంకా అక్కడే పాతి ఉంది. దాన్ని పెరికి షెడ్డు అలమరలో పెట్టి, పచ్చికను జానెడు పట్టీలుగా కోసి, చెక్కల మీద మోసుకొచ్చాం. చార ఉన్నంత మేరా మట్టితో సహా తవ్వాను. పట్టీ ఒక్క వెంట్రుక ఎత్తుగా ఉన్నా బంతి ఎగురుతుంది, పల్లంగా ఉన్నా పక్కకి తిరుగుతుంది. చెక్క ఆనించి చూడటం, మట్టి తీయడం, మళ్లీ వేయడం, మళ్లీ ఆనించడం. చివరికి టీ జల్లెడతో ఇసుక జల్లి అతుకుల్లోకి చేత్తో రుద్దాను. ఈ టీ జల్లెడ చూసి కుర్రవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నా అతుకులు మాత్రం తెలియవు. పది బంతులు దొర్లించి చూశాను. పదీ తిన్నగా పోయాయి. అప్పటికి తొమ్మిదిన్నర.

తమ్ముడు షెడ్డులోంచి బయటికి రానన్నాడు. నేను తాడు పక్కన, జనంలో నిలబడ్డాను.

మధ్యాహ్నం దాకా నయమే. ఆ తర్వాత ఎండ ముదిరింది. ఆట జరుగుతుండగా నీళ్లు పట్టడానికి లేదు. పట్టీ అంచు ఆరుతూ ఆరుతూ సన్నటి గీతలాగ తేలింది. నా కళ్లకి అది కాలువంత కనబడుతోంది. ముగ్గురు ఆటగత్తెలు దాన్ని చూశారు, ముగ్గురూ వంగి అంచులు నొక్కుకునే కొట్టారు. నొక్కినప్పుడల్లా నన్నెవరో నెత్తిన మొట్టినట్టయింది. అయినా ఒక ధైర్యం, మా పిల్లా నొక్కుకుంటుంది కదా అని.

సాయంత్రం నాలుగున్నరకి ఆఖరి జంట వచ్చింది. పిచ్చుక, ఆమెతో ఒక పొడుగమ్మాయి. అప్పటికి ఇద్దరి లెక్కా సమానం. పొడుగమ్మాయి అటు పక్కనుంచి కొట్టిన బంతి గుంత అంచు తాకి ఆగిపోయింది. ఇంకో దెబ్బతో లోపల వేసుకుంది. ఇప్పుడు పిచ్చుక వంతు. పన్నెండడుగుల దూరం. పడితే గెలుపు. పడకపోతే ఇద్దరూ విడిగా ఇంకో గుంత ఆడాలి, అలాంటి ఆటలో ఆ పొడుగమ్మాయి ఎప్పుడూ ఓడలేదట. పిచ్చుక బంతికీ గుంతకీ మధ్యలో అడ్డంగా నా అతుకు.

పిల్ల బంతి వెనక కూర్చుని చూసింది. లేచి నడుచుకుంటూ అతుకు దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుంది. గడ్డిని చూసింది. ఇసుకను చూసింది. నొక్కవే తల్లీ, నొక్కు, అని లోపల్లోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాను. నోరు విప్పకూడదు కాబట్టి పెదవి కొరుక్కున్నాను. పిచ్చుక చిన్నగా నవ్వింది. చెయ్యి కూడా ఆనించకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ పిల్లకి పొగరనుకున్నాను, కళ్లు కనబడట్లేదనుకున్నాను. అది ఓడితే నా తమ్ముడు మళ్లీ మనిషి కాడనుకున్నాను.

కొట్టింది. అక్కడున్న వాళ్లంతా గుంతనే చూస్తున్నారు. నేను అతుకునే చూశాను. బంతి దొర్లుతూ వచ్చింది, గీత మీదికెక్కింది, దిగింది. ఎగరలేదు, తొణకలేదు. నాకు అంతే కావాలి. అది గుంతలో పడిందని నాకు జనం అరుపులు చెప్పాయి. పక్కనున్న మనిషెవరో తెలియకుండానే ఆమె భుజం పట్టుకుని బావురుమన్నాను.

కప్పు ఇవ్వడం, ఫొటోలు అన్నీ అయ్యాక పిచ్చుక షెడ్డుకు వచ్చింది. వాళ్ల నాన్న అరుగు మీద కూర్చున్నాడు, ముఖం ఎత్తలేదు. నేను మాత్రం దీవించడం మాని మీద పడ్డాను.

"ఏమే, ఆ అతుకు నీకు కనబడలేదా?"

"కనబడింది అత్తా."

"మరి నొక్కుకోడానికేం రోగం? ముగ్గురు నొక్కారు! నా ప్రాణం ఎక్కడికి పోయి వచ్చిందో తెలుసా?"

"షెడ్డు నీడలో పెరిగిన గడ్డి ఒక ఛాయ ముదురుగా ఉంటుంది కదా. చూడగానే మన నారుమడిదని తెలిసిపోయింది. ఇసుక చూస్తే టీ జల్లెడతో చల్లినట్టుంది. అట్లా చల్లేది నువ్వొక్కదానివే." కప్పు నేల మీద పెట్టి నా పక్కన కూర్చుంది. "అప్పటిదాకా కర్ర పట్టుకున్న చేతులు వణుకుతున్నాయత్తా. అది చూశాక ఆగిపోయాయి. నువ్వు వేసిన అతుకు మీద ఇంక నేను సరిచేసేదేముంది?"

ముప్ఫై ఏళ్లలో నా పనిని కళ్లారా చూసి కూడా వంక పెట్టని మనిషి ఆ పిల్ల ఒక్కతే. పెద్దసారు ఏటేటా ఇచ్చే బహుమానాలు ఏ పెట్టెలో ఉన్నాయో కూడా నాకు తెలియదు. ఈ మాట మాత్రం నేను పోయేదాకా దగ్గర పెట్టుకుంటాను.

అప్పుడు తమ్ముడు తల ఎత్తాడు.

"ఆ నూనె నా బండిదేనమ్మా. గుడ్డ పెట్టి తుడవలేదు. నీ పేరు చూస్తూ..."

"పద్దెనిమిదో గ్రీన్ కోసేది నువ్వే కదా నాన్నా, నాకు తెలియదా? అది కారకపోతే ఆఖరి దెబ్బకి మన గడ్డి నా ఎదుట ఉండేదా?" అంటూ మేకుకు వేలాడుతున్న తెల్లగుడ్డ తీసుకుంది. బండి దగ్గర మోకరిల్లి, కొత్త గొట్టం కీళ్లు ఒక్కొక్కటే తుడిచింది. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసిన పనే అది. తుడిచిన గుడ్డ తెచ్చి వాళ్ల నాన్న ఒళ్లో పరిచింది. ఒక్క మరక లేదు. వాడు ఆ గుడ్డతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

తర్వాత ముగ్గురం వెనక్కి వెళ్లాం. నారుమడి కుడిమూల పొద్దున కోసినంత మేరా బోసిగా ఉంది. నేను ఇసుక పోసి విత్తనాలు చల్లాను. తమ్ముడు అలమరలోంచి పాలడబ్బా తెచ్చి పాత చోటే పాతాడు. నీళ్ల చెంబు కోసం వెతుకుతుంటే పిచ్చుక కొళాయి కింద గెలిచిన కప్పు పట్టేసింది.

"కప్పుతోనా! అందరూ ఏమనుకుంటారే?" అని అరిచాను.

"ఎవరున్నారిక్కడ?" అంటూ నిదానంగా, విత్తనాలు కొట్టుకుపోకుండా, మూలంతా తడిపింది. ఒక్క కప్పు చాలలేదు. రెండోది నేనే పట్టి ఇచ్చాను.