బూడిద రాణి చేతులు

ఆ బొమ్మకు పేరు తెచ్చినవి దాని చేతులే. మొహం ఎవరైనా గీస్తారు. 'బూడిద కోట' అనే కంప్యూటర్ ఆట ఆడిన ప్రతివాడూ ఆ రాణి మొహం గీశాడు, కిరీటం గీశాడు, వెనకాల తగలబడుతున్న ఊరు గీశాడు. నేను చేతులు గీశాను. ఎడమ మణికట్టులోంచి కంటికి కనబడని దారమేదో కుడిచేతి వేళ్ళతో లాగి, లాగి, ఉండ చుట్టుకుంటూ ఉంటుంది. ఫోన్లలో నలభై వేల మంది మెచ్చుకున్నారు. మా ఊరు బిష్కెక్‌లో ఏటా జరిగే ఆటల పండక్కి ఈసారి పోస్టర్‌గా కూడా అదే వేశారు.

ఆ చేతులు మా అమ్మవి.

నాలుగేళ్ళ క్రితం అమ్మ మూడు నెలలు మానసిక వైద్యశాలలో ఉంది. చుట్టుపక్కల వాళ్ళకు మాత్రం కిడ్నీలు బాగుచేయించుకోవడానికి ఇసిక్-కుల్ సరస్సు దగ్గరి వైద్యశాలకు వెళ్ళిందని చెప్పాం. రోజూ సాయంత్రం నేను పులుసు డబ్బా పట్టుకుని వెళ్ళేదాన్ని. నాతో అదినాయ్ వచ్చేది. ఎనిమిదో క్లాసు నుంచి ఒకే బెంచీ మాది. నేను గీతలు గీస్తే అది రంగులు వేసేది. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని అమ్మ లేని దారం లాగుతూ ఉంటే, ఇద్దరం తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఇరవై ఏళ్ళు కుట్టుమిషన్ మీద బతికిన మనిషి. ఆ చేతులకు ఇంకేం తెలుసు?

అందుకే నేను రాణి బొమ్మ గీసిన రోజే అదినాయ్ పట్టేసింది. మా వంటింట్లో కూర్చుని, నమిలే ముద్ద ఆపి, "ఒసేయ్ జిబెక్, ఇవి పిన్ని చేతులు కదే?" అంది.

నేను దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "నోర్ముయ్, అమ్మ వింటుంది. ఎక్కడా అనకు, నీకు దండం పెడతాను."

అది బల్ల మీది రొట్టె మీద చెయ్యి పెట్టింది. "ఎవరికైనా చెప్తే ఈ రొట్టె నన్ను కొట్టాలి. సరేనా?" మా దగ్గర రొట్టె మీద ఒట్టు వేశాక ఇంక మాట తప్పడం ఉండదు. నేను నమ్మాను. నా మొహం, నమ్మకేం చేస్తాను?

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మను కుట్టు కార్ఖానాలో మళ్ళీ చేర్చుకోలేదు. మానసిక జబ్బేమీ లేదని వాళ్ళు అడిగిన కాగితం ఆసుపత్రి వాళ్ళు ఇవ్వరు, పేరు అక్కడి చిట్టాలో ఉంది మరి. నాలుగేళ్ళు తెరలు వేసుకుని ఇంట్లోనే కూర్చుంది. ఈ వసంతంలోనే కాస్త తేరుకుంది. ఆటల్లో పాత్రల వేషాలు కట్టే మా ఆటల గుంపు పిల్లలకు అంగీలు, కోట్లు కుట్టి పెట్టడం మొదలెట్టింది. "సైరాగుల్ పిన్నీ, ఇక్కడ కాస్త బిగించవా" అంటూ వాళ్ళు ఇంటికి వస్తుంటే అమ్మ మొహంలో మళ్ళీ రక్తం కనబడింది. పండక్కి రమ్మని నేనే బతిమాలాను. గోడ పక్కన ఒక బల్ల, సూదీ దారం, నూనెలో వేయించిన పిండి బూర్సోకులు ఒక బుట్టెడు, టీ ఫ్లాస్కు. చాలు.

బయల్దేరే ముందు గుమ్మంలో మూడుసార్లు అడిగింది. "అక్కడెవరికీ తెలీదు కదే?"

"ఎవరికీ తెలీదమ్మా. నా మీద ఒట్టు."

హాల్లో మా బల్ల సరిగ్గా ఆ పోస్టర్ కిందే పడింది. నా ఖర్మ. అమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ? ఏం చేసిందట?"

"విలనమ్మా. రాత్రికి రాత్రి ఊరు తగలబెట్టింది, పడుకున్న జనంతో సహా."

"అమ్మో, పాపిష్టిది! మరి ఆ చేతులతో ఏం చేస్తోంది?"

"మంత్రం వేస్తోంది."

"మంత్రమా? దారం తీస్తున్నట్టుందే" అని నవ్వి, వరసలో నిలబడ్డ అమ్మాయి అంగీ అందుకుంది. మధ్యాహ్నానికి బూర్సోకులు అయిపోయాయి. బల్ల ముందు వరస మాత్రం తగ్గలేదు. అమ్మ సూది పళ్ళ మధ్య పెట్టుకుని ఎవరినో ఆటపట్టిస్తోంది. అది చూసి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడింటికి కోర్టు. మా పండగలో ఏటా ఒక విలన్‌ను విచారిస్తారు. ఆ మనిషికి పిచ్చా, లేక తెలిసే చేసిందా? బొమ్మలు గీసేవాళ్ళలో ఒకరు ఇటు వాదిస్తే ఇంకొకరు అటు. హాలంతా ఫోను లైట్లు ఎత్తి తీర్పు చెప్తుంది. గెలిచినవాళ్ళదే వచ్చే ఏడు పోస్టర్. ఈసారి బూడిద రాణి. పిచ్చి కాదని నేను, పిచ్చేనని అదినాయ్. నెల రోజులుగా దానికి ఆ పోస్టర్ తప్ప వేరే మాటే లేదు. సరదాకే అంటుందనుకున్నాను.

నేను ముందు మైకు పట్టుకున్నాను. అసలే నాకు కోపం ఎక్కువ, ఇక ఈ విషయమైతే ఒళ్ళు మండిపోతుంది.

"ఏ ఆటలో చూసినా ఇదే గోల! ఎవడు ఊరు కాల్చినా 'పిచ్చోడు' అనేసి చేతులు దులుపుకుంటారు. ఈ రాణి నూనె పీపాలు నెల ముందే తెప్పించింది. గాలి ఎటు వీస్తుందో చూసుకుంది. తన గుర్రాన్ని మాత్రం ముందే ఊరు దాటించింది. ఇది పిచ్చా? పిచ్చివాళ్ళు ఎవరి ఊళ్ళూ తగలబెట్టరు. పాపం, వాళ్ళకు తమ ఒంటిమీద గుడ్డే గుర్తుండదు. వాళ్ళ మీదికి ఈ పాపం ఎందుకు నెడతారు?"

హాలు దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. ఇక నాదే గెలుపు.

అదినాయ్ లేచింది. మొహం పాలిపోయి ఉంది. తెర మీద నా బొమ్మే వేయించింది.

"జిబెక్ బాగా మాట్లాడింది. కానీ ఈ చేతులు చూడండి. రాణికి పిచ్చి లేదంటున్న మనిషి ఈ చేతులు ఎక్కడ చూసి గీసింది?"

నేను "అదినాయ్" అన్నాను. నా మైకు ఆపేసి ఉంది.

"పిచ్చాసుపత్రిలో. నేను పక్కనే ఉన్నాను. అవి వాళ్ళమ్మ చేతులు. మూడు నెలలు అక్కడ ఇలాగే దారం లాగుతూ కూర్చుంది ఆవిడ. జబ్బు మనిషిని చూసి గీసి, ఇప్పుడు జబ్బే లేదంటే ఎలా? నోరు ఏమన్నా అననీ, తన బొమ్మే నిజం చెప్తోంది."

హాల్లో తలలు తిరగడం మొదలైంది. ఒకటి, పది, వంద. అన్నీ గోడ వైపే. మా అమ్మ ఎవరో అక్కడందరికీ తెలుసు కదా, పొద్దుటి నుంచీ ఆవిడ చేతే కుట్టించుకున్నారు.

అమ్మ చేతిలో ఒక అంగీ సగం కుట్టి ఉంది. అంగీ తాలూకు అమ్మాయి ముందుకు వంగి, "పర్లేదు పిన్నీ, ఇంటి దగ్గర కుట్టుకుంటాను" అని మెల్లగా లాక్కుంది. సూది అంగీకే వేలాడుతూ వెళ్ళిపోయింది.

లైట్లు లేచాయి. పిచ్చే అని తీర్పు. అదినాయ్ గెలిచింది.

మెట్ల దగ్గర దాని చెయ్యి పట్టుకుని లాగాను. "రొట్టె మీద చెయ్యేసి చెప్పావు కదే! మా అమ్మ వండింది ఎన్నేళ్ళు తిన్నావే! నమ్మించి గొంతు కోశావు కదే!"

అది ఏడుస్తోంది, నిజంగానే. "పిన్నిని ఏమీ అనాలని కాదే. జబ్బు మనుషుల్ని తిట్టుకోకండి అనే కదా నా వాదన…"

"పోస్టర్ కోసం! పోస్టర్ కోసం అమ్మావు మా అమ్మని!"

అప్పుడది కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. "సరే, నేను పాపిష్టిదాన్నే. ఒక్క హాల్లో చెప్పాను. మరి నువ్వో? నలభై వేల మందికి చూపించావు. పిన్నిని ఒక్కసారైనా అడిగావా?"

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. దాన్ని అక్కడే వదిలేసి అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

బల్ల ముందు ఎవరూ లేరు. అమ్మ లేచి నిలబడి పోస్టర్ వైపు చూస్తోంది. తన ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టి, నెమ్మదిగా, బొమ్మలో ఉన్నట్టే ఒకసారి లాగి చూసింది.

"నేనిలా చేసేదాన్నా?" అంది. "నాకు గుర్తే లేదు."

"అమ్మా, అదినాయ్ మోసం చేసిందమ్మా. ఒట్టేసి మరీ…"

"ఈ రాణి ఏం చేసిందన్నావు పొద్దున?"

నేను బల్ల మీది దారాలు ఏరడం మొదలెట్టాను.

"ఊరు తగలబెట్టిందన్నావు. పడుకున్న జనంతో సహా." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నేనేం తగలబెట్టానే జిబెక్?"

ఛీ, ఎంత బాగా వాదించాను స్టేజి మీద! జబ్బు మనుషుల మీదికి పాపం నెట్టకండని హాలు హాలంతా వినేలా అరిచాను. ఊరు కాల్చిన చేతులు కావాల్సి వస్తే మాత్రం మా అమ్మ మంచం దగ్గరికే వెళ్ళి తెచ్చుకున్నాను.

సామాను నేనే సర్దాను. బస్సు కిక్కిరిసి ఉంది, కూర్చోవడానికి చోటు దొరకలేదు. అమ్మ రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుంది. మలుపు తిరిగినప్పుడల్లా తూలిపోతోంది. పైనున్న కమ్మీ మాత్రం పట్టుకోలేదు. "పడిపోతావమ్మా, పట్టుకో" అన్నాను. ఎదుటి సీట్లో ఎవరో అమ్మాయి రాణి కిరీటంతోనే కూర్చుని మా వైపు చూస్తోంది. అమ్మ తల అడ్డంగా ఊపి, చేతులు జేబుల్లోకి ఇంకాస్త లోపలికి తోసుకుంది.

ఇల్లు చేరేదాకా నేనే ఆవిడ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను.