ఏడు రోజుల తిండికి ఫెయిర్ కాపీ

ఆరు కిలోలు తగ్గితే తప్ప మోకాలికి ఆపరేషన్ చేయనన్నాడు సర్జన్. నాలుగు నెలల్లో తగ్గింది ముప్పావు కిలో. ఎందుకు తగ్గడం లేదో తేల్చమని డైటీషియన్ దగ్గరికి పంపాడు. ఆవిడ నన్ను చూడకముందే ఒక చిన్న పుస్తకం ఇప్పించింది. ఏడు రోజులపాటు ఏం తిన్నా, ఎంత నడిచినా టైముతో సహా అందులో రాయాలి.

ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళున్నాయి. నా తిండి వాటిలో పట్టలేదు. నేను కంచం ముందు కూర్చునేది రోజుకొక్కసారి. మిగతాదంతా పొయ్యి దగ్గర నిలబడే. ఉప్పు చూడటానికి రెండు చెంచాలు, గిన్నె కడగాలి కాబట్టి అడుగున మిగిలిన అన్నం, అమ్మాయి కాలేజీకి పరిగెడుతూ వదిలేసిన సగం బ్రెడ్డు, చల్లారిపోయాయని అత్తయ్య పక్కన పెట్టిన పాలు. అన్నీ రాశాను. గడి చాలకపోతే అంచుల్లో, అంచు చాలకపోతే అడ్డంగా. ‘10.40. నిలబడి. బంగాళాదుంప వేపుడు, మూకుడులోంచి. ఎన్ని ముక్కలో తెలియదు.’

నాలుగో రోజు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివారు.

“ఏంటమ్మాయ్, ‘పిల్ల వదిలేసింది’, ‘అడుగున మిగిలింది’? కోడలికి ఎంగిలి పెడుతున్నామనుకోదూ ఆవిడ?”

“మీరు పెట్టారని రాయలేదత్తయ్యా. నేను తిన్నానని రాశాను.”

“రెండూ ఒకటే. మా పరువు తీసేదాకా నిద్రపోయేలా లేవు.”

మా ఆయన బడిలో హెడ్మాస్టరు. ఇన్‌స్పెక్షన్ అంటే రిజిస్టర్లన్నీ ముందేసుకుని, ఒక్క కొట్టివేత లేకుండా తిరగరాసే మనిషి. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు.

“చీమలు పాకినట్టుంది. ఇలాగేనా రికార్డు ఇచ్చేది?”

“రికార్డు కాదండీ, డైరీ.”

“ఇంకొకళ్ళు చూసేదేదైనా రికార్డే.”

అపాయింట్‌మెంట్ రోజు ఆయనతో కలిసి బస్సెక్కాక సంచి తెరిస్తే నా పుస్తకం లేదు. స్కేలుతో గీతలు గీసిన తెల్లకాగితాలున్నాయి. తేదీలు ఎర్రసిరాతో. ఉదయం: ఉడికించిన గుడ్డు ఒకటి, బ్రెడ్డు రెండు ముక్కలు. నడక: ముప్పై నిమిషాలు. ఏడు రోజులూ ముప్పై నిమిషాలే.

“ఇదంతా ఎవరు తిన్నారండీ?”

“నువ్వే. కాస్త సర్ది రాశానంతే.”

“నా పుస్తకమేదీ?”

“కాపీ అయ్యాక ఇంకెందుకని అమ్మ చెత్తలో వేసింది.”

ఒళ్ళు మండిపోయింది. బస్సులో అందరూ వింటున్నారని కాగితాలు సంచిలో కుక్కేశాను.

డైటీషియన్ చిన్న వయసు పిల్ల. కాగితాలు శ్రద్ధగా చదివింది.

“చాలా బాగా పాటిస్తున్నారండీ. ఇంత తక్కువ తిని, ఇంత నడిచినా తగ్గడం లేదంటే కారణం తిండి కాదు. కొన్ని పరీక్షలు రాస్తాను. అవన్నీ అయ్యేదాకా, ఒక మూడు నెలలు, ఆపరేషన్ వాయిదా వేయమని సర్జన్‌గారికి చెప్తాను.”

మా ఆయన బడికి మంచి మార్కులు పడ్డట్టు తల ఊపారు.

“ఈ డైరీ నాది కాదమ్మా,” అన్నాను.

“మరెవరిది?”

“మా ఆయన రాశారు. అందులో ఉన్నవి నేను తినలేదు. అంతసేపు నడవనూ లేదు.”

“ఏంటా మాటలు? అంత కష్టపడి రాస్తే!” అన్నారాయన పళ్ళ బిగువున.

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అన్నాను ఆయనతో.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన్ని బయటికి పొమ్మనడం అదే మొదటిసారి. ఆవిడ వైపు చూశారు. ఆవిడ కూడా తలుపు వైపే చూస్తుండేసరికి లేచి వెళ్ళారు.

నిన్న పొద్దున లేచిన దగ్గర్నించి చెప్పడం మొదలుపెట్టాను. చెప్తూ ఇంకా మధ్యాహ్నం దాకా కూడా రాలేదు, ఆవిడ రాయడం ఆపేసింది.

“వీటిలో ఆకలేసి తిన్నవెన్నండీ?”

ఆలోచించాను. “ఒకటి... అదీ గట్టిగా చెప్పలేను.”

ఆవిడ పరీక్షల కాగితం పక్కకు తోసి కొత్త పుస్తకం తీసింది. “మళ్ళీ ఏడు రోజులు రాయండి. మీ చేత్తోనే. ఆపరేషన్ సంగతి అది చూశాకే.”

మళ్ళీ ఏడు రోజులు! బయటికి వచ్చి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతున్నాను. పుస్తకం తను పట్టుకుంటానని ఆయన చెయ్యి చాచారు. నేను దాన్ని చంకలో ఇంకా గట్టిగా అదుముకున్నాను.