ఫోనుకి వచ్చిన రెండో నంబరు

నేను ఒక సెల్‌ఫోన్‌ను. చెన్నైకి అవతల ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. ఒకమ్మాయి కెమెరా పెట్టింది, ఒకమ్మాయి బ్యాటరీ పెట్టింది, ఇంకొకమ్మాయి నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఏదీ కదలడం లేదని తేల్చుకుని డబ్బాలో పెట్టింది. ఆమె చూసింది స్క్రూలు. నా చేత ఏం చేయిస్తారో చూడడం ఆమె పని కాదు.

నన్ను మొదట కొన్నది పిఠాపురంలో ఫిజిక్సు లెక్చరరు ముక్తేశ్వరరావు. ఆయన పొద్దున్నే నలభై మందికి శుభోదయం బొమ్మలు పంపేవాడు. ఆ నలభై మందీ తిరిగి ఆయనకు పంపేవాళ్ళు. ఎవరి బొమ్మను ఎవరూ తెరిచి చూసేవాళ్ళు కాదు. రెండేళ్ళు అలా గడిచాయి. నా అద్దం మూల పగిలింది. ఆయన నన్ను మార్చుకుని కొత్తది తీసుకున్నాడు. నేను తుని మెయిన్‌రోడ్డులో పాత ఫోన్ల దుకాణానికి వచ్చాను. అక్కడి నుంచి నన్ను నూకరాజు తీసుకున్నాడు.

నూకరాజు గ్యాస్ బండలు వేసే మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళుగా ఒకే ఏజెన్సీ, అవే వీధులు. బండను భుజాన వేసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కేవాడు. దించేటప్పుడు చప్పుడు కాకుండా కింద గోనె పరిచేవాడు. చాలా ఇళ్ళలో వంటింట్లోకి వెళ్ళి, రెగ్యులేటరు బిగించి, సబ్బునురుగు రాసి లీకు చూసి వచ్చేవాడు. ఆ వీధుల్లో అడగకుండా వంటింటి దాకా వెళ్ళే బయటి మగవాడు అతనొక్కడే.

బండ దించాక ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళ ఫోనుకు నాలుగంకెల నంబరు వస్తుంది. అది అతనికి చెప్పాలి. అతను దాన్ని నాలో నొక్కితేనే బండ ఇచ్చినట్టు ఏజెన్సీకి తెలుస్తుంది. నూకరాజు గుమ్మం దగ్గర నిలబడి, "నంబరొచ్చిందండి, సెప్పండమ్మా" అనేవాడు. లోపలి నుంచి పోపు వేస్తూనో, పిల్లకు జడ వేస్తూనో చెప్పేసేవారు. బ్యాంకు వాళ్ళమని ఎవరైనా ఫోను చేసి నంబరు అడిగితే ఆ ఇల్లాళ్ళే కసిరి పెట్టేసేవారు. నూకరాజు అడిగితే అరిచి మరీ చెప్పేవారు.

ఆ వేసవిలో గోడౌను దగ్గర ఏసుబాబు అతనికి ఒక ఆన్‌లైన్ జూదం వెబ్‌సైటు చూపించాడు. ఏసుబాబుదీ బండలు వేసే పనే, వేరే లైను, వేరే వీధులు.

"రూపాయి కట్టక్కర్లేదురా. పేరు, ఫోను నంబరు. అంతే. యాభై తిప్పులు ఫ్రీ."

"ఫ్రీగా ఎందుకిత్తారు?"

"ఆడి సొమ్ము, ఆడి ఇట్టం. నీకేటి నొప్పి?"

నూకరాజు తన నంబరు ఇచ్చాడు. ఆరంకెల నంబరు వచ్చింది. నొక్కాడు. నా తెర మీద పళ్ళ బొమ్మలు, గంటల బొమ్మలు, ఏడు అన్న అంకె తిరిగాయి. యాభై తిప్పులయ్యేసరికి పైన గెలుపు ఆరువందల ఇరవై రూపాయలని చూపించాను. ఆ ఆరువందల ఇరవై చేతికి రావాలంటే దానికి నలభై రెట్లు పందెం ఆడాలి. ఆ షరతు కింద రాసి ఉంది. ఎంత చిన్న అక్షరాల్లో రాసి ఉందో నాకు తెలుసు, దాన్ని చూపించింది నేనే. అతను దాన్ని వేలితో పైకి తోసేశాడు. ఆడాడు. సున్నా అయింది.

ఒక నంబరుకు ఒక్కసారే ఫ్రీ. భార్య నంబరు ఇచ్చాడు. బావమరిది నంబరు ఇచ్చాడు. అవీ సున్నా అయ్యాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరింటి ముందో ట్రాలీ ఆపి, ఏజెన్సీ యాప్‌లో ఆ ఇంటివాళ్ళ ఫోను నంబరు చూసి, దాన్ని వెబ్‌సైటులో కొట్టి, బండ ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. గ్యాస్ నంబరు చెప్పించుకున్నాడు. తర్వాత, "ఇంకోటొచ్చుంటాది సూడండమ్మా" అన్నాడు. ఆమె చూసి అదీ చెప్పింది.

అంత సులువుగా అయిపోతుందని అతనూ అనుకోలేదు. ట్రాలీ దగ్గరకు వచ్చాక ఆ ఆరంకెలూ నాలో నొక్కాడు. నేను అప్పుడు ఆగిపోవచ్చు. పాత ఫోన్లు ఆగిపోతూనే ఉంటాయి, ఎవరూ తప్పు పట్టరు. నేను ఆగలేదు. యాభై తిప్పులూ తిప్పాను.

నాలుగు నెలల్లో అరవై ఒక్క ఇళ్ళు. ఒకే ఇంట్లో రెండోసారి అడగకుండా ఉండాలని నాలో ఒక పట్టిక రాసుకున్నాడు. పేరు, పక్కన 'అయింది' అని. రైల్వే గూడ్స్ షెడ్డు నీడలో మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని ఆడేవాడు. ఒక్కసారి కూడా చేతికి రూపాయి రాలేదు. తన రూపాయి ఒక్కటి కూడా పెట్టలేదు. భార్య నిలదీస్తే అదే చెప్పేవాడు. "నేనేటి జూదగాణ్ణా? నా సేతి డబ్బు పెట్టేనా?" ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో దర్జా ఉండేది.

అరవై ఒక్క మందిలో ఎందుకని అడిగింది ఒక్కరే. మంగతాయారు. పోస్టాఫీసు వెనక వీధి, మేడ మీద వాటా. ఇంట్లో జాకెట్లు కుట్టేది. భర్త చక్రధరం జీడిపప్పు మిల్లులో సూపర్‌వైజరు.

"రెండు నంబర్లేంటి నూకరాజూ? ఎప్పుడూ ఒకటేగా?"

"సర్వరు మారిందండి."

"ఓహో."

సర్వరు అన్న తర్వాత మన ఊళ్ళలో ఎవరూ ఏమీ అడగరు. ఆమె ఆరంకెలూ చెప్పి, మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. అతను తాగాడు. పట్టికలో 'తాయారు గారు - అయింది' అని రాశాడు.

నెల తిరిగాక అదే ఇంటికి మళ్ళీ బండ వచ్చింది. మెట్లు ఎక్కుతుండగానే పైనుంచి చక్రధరం గొంతు వినిపించింది. నేను నూకరాజు చొక్కా జేబులో ఉన్నాను. అతను విన్నదంతా నేనూ విన్నాను.

ఆ వెబ్‌సైటు వాళ్ళు మంగతాయారు ఫోనుకు రోజుకు నాలుగైదు మెసేజీలు పంపుతున్నారు. మగ గొంతులు ఫోను చేసి, మేడమ్, మీ తిప్పులు అయిపోయాయి, ఐదువందలు కట్టండి, ఇంకో వంద ఇస్తాం అంటున్నాయి. ఆ పొద్దున అలాంటి ఫోను ఒకటి చక్రధరం ఎత్తాడు.

"నీ నంబరు వాడికెలా తెలిసింది? నువ్విస్తేనేగా!"

"నాకు తెలీదండి. ఒట్టు."

"మీ అన్నయ్యా ఇలాగే ఒట్లు పెట్టాడు. ఆన్‌లైన్ పేకాటలో ఇల్లు పోయేదాకా పెట్టాడు. మీ ఇంటి రక్తమే అంత."

"మా అన్నయ్య ఊసు ఎందుకిప్పుడు?"

"ఆదివారం లోవ గుడికి వెళ్దాం. తలుపులమ్మ ముందు కర్పూరం వెలిగించి అరచేతిలో పెట్టుకుని చెప్పు. అప్పుడు నమ్ముతాను. ఆటోకి చెప్పేశాను."

కుట్టుమిషను ఆగింది. నూకరాజు బండతో మెట్ల మీదే కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి దించాడు. గోనె పరవడం మరిచిపోయాడు. బండ నేలకు తగిలి మోగింది. నాలుగంకెల నంబరు అడిగాడు. ఆమె చెప్పింది. ఆమె కళ్ళు అతను చూడలేదు, నేలను చూశాడు. అది తన పనేనని ఆ ఒక్క మాట అక్కడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పకుండా దిగి వచ్చేశాడు.

అది గురువారం. గురువారమూ శుక్రవారమూ అతను నన్ను ముట్టుకున్నది ఏజెన్సీ పనికే. గూడ్స్ షెడ్డు దగ్గర కూర్చున్నాడు గానీ ఆడలేదు. శనివారం మిల్లుకు సెలవు. తొమ్మిదింటికి, భుజాన బండ లేకుండా, ఆ మెట్లు ఎక్కాడు.

మంగతాయారు తలుపు తీసింది. "మేం బుక్ చెయ్యలేదే?"

నూకరాజు పట్టిక తెరిచి నన్ను ఆమె చేతికి ఇచ్చాడు.

ఆమె చదివింది. తన పేరు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అన్నీ ఆ చుట్టుపక్కల పేర్లే. చీటీ పాడుకునేవాళ్ళు, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు. చాలా చేతుల్లో తిరిగాను గానీ ఎవరైనా నన్ను అంత నెమ్మదిగా చదవడం అదే మొదలు.

"ఏంటది?" అంటూ చక్రధరం లోపలి నుంచి వచ్చాడు. ఆమె నన్ను అతనికి అందించింది.

"అమ్మగారిది ఏ తప్పూ లేదండి" అన్నాడు నూకరాజు. "నేనేనండి. సర్వరు లేదు, ఏటీ లేదండి. ఆ రెండో నంబరు ఆట కోసం అడిగేనండి."

"సిగ్గు లేదట్రా నీకు? ఇంట్లోకి రానిస్తే..."

"లేదండి."

"ఇంతమందివా! ఎంతొచ్చిందేంటి?"

"ఏం రాలేదండి."

"అరవై మందివి వాడి ఏం రాలేదా?"

"రూపాయి రాలేదండి."

చక్రధరం నవ్వాడు. మొదట కొంచెం, తర్వాత గట్టిగా. "ఏడిశావులే. దొంగతనం కూడా చేతకాదు నీకు. సరే, అయిపోయిందిగా, వెళ్ళు" అన్నాడు. భార్య వైపు తిరిగి, "టీ పెట్టు" అన్నాడు. మనుషుల్లో ఇది నేను చాలాసార్లు గమనించాను. దోషి దొరికిన క్షణాన, అప్పటిదాకా నిర్దోషిని నిలదీసినవాళ్ళకు ప్రాణం హాయిగా ఉంటుంది.

మంగతాయారు వంటింటి వైపు వెళ్ళలేదు.

"ఆటో రేపు ఏడింటికి వస్తుంది. మీరెళ్ళి రండి" అంది.

"నేనెందుకు?"

"మా అన్నయ్య ఊసెత్తారుగా. అమ్మవారికి ఆ సంగతి చెప్పి రండి. నేను రాను."

అతని నవ్వు ఆగింది. ఆమె నన్ను అతని చేతిలోంచి తీసుకుని నూకరాజుకు ఇచ్చింది.

"నాకు చెప్పావు. మిగతా అరవై మందికీ?"

"అమ్మా..."

"ఇంకెన్ని ఇళ్ళలో ఎవరు ఎవరికి ఒట్లు పెడుతున్నారో నీకు తెలుసా? ఇంటింటికీ వెళ్ళి చెప్పు. ఈ పూటే మొదలెట్టు."

అతను ఆ పూటే మొదలెట్టాడు. పట్టికలో వరస ప్రకారం. గుమ్మం దగ్గర నిలబడి నన్ను ముందుకు చాచి, "నేను మీ నంబరు వాడేనండి" అని మొదలుపెట్టేవాడు. చాలామందికి మొదట అర్థం కాలేదు. ఒకామె తలుపు వేసేసింది. ఒకామె, "పోనీలే, నిజం చెప్పావు" అని ఊరుకుంది. ఒకామె ఏడ్చింది. నెలన్నరగా ఆ మెసేజీలు ఎవరికీ కనపడకుండా చెరుపుకుంటూ కూర్చుందట, తను ఏం నొక్కితే వచ్చాయోనని. పధ్నాలుగో ఇంట్లో రిటైరైన టీచరుగారు అంతా విని, గొంతు తగ్గించి, "ఆ సైటు పేరేంటోయ్?" అన్నాడు. నూకరాజు చెప్పలేదు. అతని ముఖం ఎలా ఉందో నా వెనక కెమెరాకు తెలుసు. దాన్ని ఎవరూ ఫొటో తీయమనలేదు, అందుకు నాకు సంతోషమే.

సోమవారం సాయంత్రానికి నలభై మూడు ఇళ్ళు అయ్యాయి, మంగతాయారు ఇంటితో కలిపి. నలభై నాలుగో ఇంటికి వెళ్ళకముందే ఏజెన్సీ నుంచి పిలుపు వచ్చింది. ఎవరో ఫోను చేసి చెప్పారు. మేనేజరు రాజశేఖరం గది తలుపు వేసి అతనితో మాట్లాడాడు. లైను తీసేశారు. గోడౌనులో లోడు ఎత్తే పని ఇచ్చారు. మేనేజరు నన్ను తీసుకున్నాడు.

"పోలీసులకివ్వాలేమో, ఓనరుగారు ఊరినుంచి రానీ" అన్నాడు.

"ఒక్క పది నిమిషాలివ్వండి సార్. ఇంకా పద్దెనిమిది పేర్లున్నాయి. కాయితం మీద రాసుకుంటాను."

"రాసుకుని?"

"సెప్పాలండి ఆళ్ళకి."

"బుద్ధుందా? ఇప్పటికే ఊరంతా టాంటాం చేశావు. ఇంకొక్క గుమ్మం ఎక్కావంటే ఉన్న పని కూడా ఉండదు. ఏజెన్సీ పేరు ఏమవ్వాలి?"

"పోనీ మీరే సెప్పండి సార్. ఆడాళ్ళు మాటలు పడతన్నారు."

మేనేజరు నన్ను కవరులో పెట్టి పిన్ను కొట్టి సొరుగులో వేశాడు. ఓనరు వచ్చాడు. పోలీసులకు ఇస్తే పేపర్లో పడుతుందన్నాడు. తిరిగి ఇస్తే వాడు మళ్ళీ బయలుదేరతాడన్నాడు. కాబట్టి ఉంచమన్నాడు. ఉన్నాను.

నూకరాజు వారానికోసారి వచ్చి నన్ను ఇమ్మని అడుగుతాడు. గొంతు గుర్తుపడతాను. ఆలోచించి ఆరు పేర్లు గుర్తు తెచ్చుకున్నాడట, అందులో రెండు అప్పటికే వెళ్ళి చెప్పేసిన ఇళ్ళవే. మిగిలినవి అతనికి జ్ఞాపకం లేవు. బండలు వేసిన ఇల్లు జ్ఞాపకం ఉంటుంది గానీ, ఏ ఇంట్లో రెండో నంబరు అడిగాడో ఎలా చెప్పగలడు?

నాకు తెలుసు. నలభై నాలుగు, గొల్లప్పారావు వీధి, కనకరత్నం గారు. నలభై అయిదు, వాళ్ళ ఎదురిల్లు, కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. పద్దెనిమిదీ వరసగా తెలుసు. నా బ్యాటరీ అయిపోయి మూడు వారాలైంది.