కత్తెర పడని పట్టు

"బీరువల ఊరికే పడున్నది గద ఆ పట్టు. నవతకు లంగా జాకెట్టు కుట్టు. ఆదివారమే ఓణీల ఫంక్షన్," అన్నాడు మా ఆయన శివకుమార్, బొగ్గుబాయి డ్యూటీకి నేను టిఫిన్ సర్దుతుంటే. నవత ఆయన చెల్లెలు పుష్పలత కూతురు. కుట్టేదెవరని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. కుట్టుమిషను నాతోపాటే పుట్టిందనుకుంటారు.

ఒళ్ళు మండింది. ఆయన వెళ్ళాక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. బీరువా తీశాను, మూశాను, ఊడ్చిన వాకిలే ఊడ్చాను. ఆ పట్టు లిబియాది. ట్రిపోలీలో ఒక ముసలావిడ ఇంట్లో మూడేళ్ళు నర్సుగా ఉన్నాను. ఆమెకు ఒళ్ళు తుడిచేదాన్ని, పక్క మార్చేదాన్ని, తల దువ్వేదాన్ని. తిరిగొచ్చే రోజున ఆమె మంచం మీద లేచి కూర్చుని, తన పెళ్ళినాటి పట్టును తన చేతులతోనే నాకు చుట్టింది. మన చీరలాగే అదీ కుట్టులేని బట్ట. ఎర్ర పట్టు మీద వెండిజరీ చారలు, పాతబడి నల్లబడ్డాయి. కప్పుకుంటే భుజం వంగేంత బరువు. కొడుకులు అమ్ముకుంటారని ఇన్నాళ్ళూ పరుపు కింద దాచుకుందట. నా చేతులు చేసిన పని ఒక మనిషికి కనబడింది అక్కడే. ఇక్కడికి తెస్తే మా అత్త కొండమ్మ, "జరీ కాలిస్తె వెండొస్తది," అంది. మా ఆయనేమో, "ఎవరో పారేసిన బట్ట పట్కొచ్చింది," అని నవ్వాడు.

సాయంత్రం ఆయన డ్యూటీ దిగేసరికి పుష్పలత కూతుర్ని తీసుకుని టేకులపల్లి నుంచి వచ్చింది. పట్టును మంచం మీద పరిచి కత్తెర అందుకున్నాను. ఎక్కడ కోద్దామన్నా ఏదో ఒక చార తెగుతుంది. కత్తెర పక్కన పడేసి నవతను దగ్గరికి పిలిచాను. ముసలావిడ నాకు చుట్టినట్టే ఆ పిల్లకు చుట్టాను. నవత అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

"మంచిగనే ఉన్నది గని వదినా," అంది పుష్పలత, "కొయ్యకపోతె ఫంక్షన్ అయినంక మళ్ళ నీకియ్యాలె గద?"

"అవ్. ఇయ్యాలె."

"ఇంట్ల నీది నాది ఏంది ప్రమీలా," అన్నాడు మా ఆయన. "మనది అను."

"మనది అన్నయన్నీ మీ పేరు మీదనే ఉన్నయి," అన్నాను. "ఇదొక్కటి నాది."